తువ్వాలు కింద ప్రజాభిప్రాయం

"మాకేం ఇబ్బంది లేదమ్మా," అన్నాడు కోటేష్. అని, గట్టిగా తుమ్మాడు.

తేజశ్రీ రాయబోయి ఆగింది. "కారం మిల్లు వల్ల మీకు ఏ ఇబ్బందీ లేదంటారు?"

"లేదంటున్నాగా." మళ్లీ తుమ్ము. "ఇది జలుబు."

"ఎప్పటి నుంచండీ?"

"మిల్లు పెట్టిన కాడ్నించీ!" అన్నారెవరో వెనక నుంచి. అరుగు చుట్టూ చేరినవాళ్లంతా పగలబడి నవ్వారు. కోటేష్ కూడా తువ్వాలుతో ముక్కు తుడుచుకుంటూ నవ్వి, "నువ్వు రాసుకోమ్మా, ఇబ్బంది లేదనే రాసుకో," అన్నాడు.

తేజశ్రీ అలాగే రాసుకుంది. ఆమె దగ్గరున్న కాగితాలన్నిట్లోనూ అదే మాట ఉంది.

అది 2003 మార్చి. సత్తెనపల్లికి కాస్త ఎడంగా నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊరు గుండ్లవారిపాలెం. ఊరి నడుమ ప్రాథమిక పాఠశాల, దాని గోడకి ఆనుకునే యలమందయ్య కారం మిల్లు. పొద్దున బడి గంట కొట్టే వేళకే మిల్లు మర కూడా మొదలయ్యేది. ఇక అక్కడ ఎక్కాలు చెప్పే పిల్లలకి రెండు రెళ్లు నాలుగు దాకానే ఊపిరి ఆడేది. ఆ తర్వాత ఎవరో ఒకడు తుమ్మేవాడు, వాణ్ణి చూసి ఇంకొకడు తుమ్మేవాడు, చివరికి పంతులుగారు తుమ్మేవారు. పంతులుగారు తుమ్మితే పిల్లలకి పండగ. కల్లాల్లో కాయ ఎండే ఆ మూడు నెలలూ ఊరి గాలికి ఓ ఎరుపు వచ్చేది. ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి లేత గులాబీ రంగుకి తిరిగేవి. అయినా అడిగితే ఎవరికీ ఇబ్బంది లేదు.

తేజశ్రీది పెదకాకాని. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. పర్యావరణానికి సంబంధించిన నిర్ణయాలు జరిగేటప్పుడు పల్లెల్లో జనం ఎలా చర్చిస్తారు, ఆ చర్చ నిర్ణయం దాకా చేరుతుందా లేదా అన్నది ఆమె తీసుకున్న విషయం. ఊళ్లోవాళ్లకి ఇదంతా నోరు తిరక్క "పర్యావరణం అమ్మాయి" అని పేరు పెట్టేశారు. ఆమె దిగింది వెంకటరావమ్మ ఇంట్లో. వెంకటరావమ్మకి రెండు గేదెలు, ఎకరం మిరప, ఊరంతటికీ సరిపోయే నోరు ఉన్నాయి.

గుండ్లవారిపాలెంలో మనిషిని ఒంటరిగా పట్టుకోవడం మహా కష్టం. ఒకరిని ప్రశ్న అడిగితే ఏడుగురు జవాబు చెబుతారు. ఇంటికి వెళితే గోడ మీదుగా పక్కింటివాళ్లు, చేనుకి వెళితే కాయ కోసే కూలీలు చుట్టూ చేరతారు. నలుగురి ముందు ఒకడు "ఇబ్బంది లేదు" అన్నాక ఐదోవాడు వేరే మాట అనడు. "మీతో విడిగా మాట్లాడాలండీ" అని ఒకాయన్ని దూరంగా తీసుకెళితే, "ఏందిరా, ఆ పిల్ల నీకొక్కడికే ఇల్లు మంజూరు చేస్తందా?" అని మిగతావాళ్లు వెంటపడ్డారు.

గుంటూరు నుంచి తెచ్చిన మిఠాయి డబ్బాకి మూతలో చీలిక పెట్టి, పంచాయతీ ఆఫీసు అరుగు మీద ఉంచి, పేరు రాయకుండా అభిప్రాయం రాసి వేయమంది ఒకసారి. రెండు రోజులకి డబ్బా నిండింది. తీస్తే ఏముంది? ఒకరు పింఛను అడిగారు. ఒకరు తమ వీధికి బోరు వేయించమన్నారు. సాయంత్రం బస్సు ఊళ్లోకి తిప్పమని పదిమంది ఒకే చేతిరాతతో రాశారు. పేరు రాయొద్దన్నా అందరూ ఇంటిపేరుతో సహా రాశారు, లేకపోతే పింఛను ఎవరికి ఇస్తారని. ఒక చీటీలో మాత్రం మా మేనల్లుడు డిగ్రీ చదివాడు, మీది ఏ నక్షత్రం అని ఉంది.

"ఈ ఊరికి నిజం చెప్పాలంటే భయమా పిన్నిగారూ?" అంది ఆ పూట తేజశ్రీ అన్నం ముందు కూర్చుని.

"భయమెందుకు? యలమందయ్య మంచోడు. అదే వచ్చిన తంటా," అంది వెంకటరావమ్మ గోంగూర వడ్డిస్తూ. "చెడ్డోడైతే ఎప్పుడో తిట్టి పారేసేవాళ్లం. మిర్చి యార్డులో ఎవడూ ముట్టుకోని రంగుపోయిన తాలుకాయ ఆయన కొంటాడు. తొడిమలు తీసే పని ఎంతమంది ఆడోళ్లకి ఇచ్చాడు? ఎవరింట్లో పెళ్లయినా పందిట్లో ముందు నిలబడేది ఆయనే. అట్టాంటోణ్ణి పట్టుకుని, నీ మిల్లు మాకు పడటం లేదయ్యా అని ఏ మొహం పెట్టుకుని చెప్తారెవరన్నా?"

"మీరు చెప్పొచ్చుగా?"

"నేనా?" వెంకటరావమ్మ గరిటె ఆపింది. "మా అమ్మాయి బాలసారెకి వెండి గిన్నె పెట్టాడమ్మా ఆయన," అని, కొంగు అడ్డం పెట్టుకుని తుమ్మింది.

మర్నాడు యలమందయ్యే వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్ల పంచె, కనుబొమల మీద కారం దుమ్ము. నవ్వితే అరుగంతా నవ్వినట్టుంటుంది.

"ఏమ్మా, మా ఊరు బాగుందా? ఈమె కూరలో ఉప్పేస్తందా?"

"బాగుందండీ."

"సంతోషం. నీ వల్ల నాకో సాయం జరిగింది. రెండు కొత్త మరలు పెడదామని పంచాయతీకి అర్జీ పెట్టుకున్నాలే. బడి పక్కన గదా, ఊళ్లో ఎవరికన్నా అభ్యంతరం ఉందా అని మండలం నుంచి ఆఫీసరుగారు అడిగాడు. నేనేమన్నానంటే, యూనివర్సిటీ అమ్మాయి గడప గడపా తిరిగి అడిగిందండీ, ఒక్కడన్నా కాదనలేదు, కావాలంటే ఆమె కాగితం చూడండి అన్నా. అయితే ఇంకేం, సోమవారం గ్రామసభలో ఆమె సంతకంతో ఇప్పించండి అన్నాడు. ఇస్తావుగా తల్లీ?"

ఆయన మొహంలో మోసం ఏమీ లేదు. నిజంగానే ఎవరికీ ఇబ్బంది లేదని నమ్ముతున్న మొహం అది. తేజశ్రీకి అదే మింగుడు పడలేదు. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే గైడ్ గారు, "నీ దగ్గరున్న సమాచారం ఏం చెప్తోందో అదే రాయాలమ్మా, నువ్వు అనుకున్నది కాదు," అన్నారు. ఆయన మాటా న్యాయమే. కానీ ఉన్న సమాచారం ప్రకారం రాస్తే గుండ్లవారిపాలెంలో కారం వల్ల బాధపడేవాళ్లు ఎవరూ లేరు. ఆ మాట కింద తన సంతకం. ఆ సంతకం మీద ఇంకో రెండు మరలు. ఆ గోడ అవతల రెండో ఎక్కం కూడా పూర్తిచేయలేని పిల్లలు. తప్పుడు కాగితం అని తన ముక్కుకి తెలుసు. ముక్కు సాక్ష్యం పరిశోధనకి పనికిరాదు.

సోమవారానికి ఇంకా ఐదు రోజులుంది.

ఆ మర్నాడు పొద్దున వెంకటరావమ్మ పాకలో గేదె బేరం జరిగింది. అమ్మించేది సిలార్. చుట్టుపక్కల పశువుల సంతలన్నిట్లో అతన్ని ఎరగనివాళ్లు లేరు. భుజం మీద గళ్ల తువ్వాలు, పెదాల మీద ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం. పక్క ఊరి నుంచి కొనేవాడు వచ్చాడు. గేదెని చూడ్డానికి సగం వీధి వచ్చింది. దాని కొమ్ముల గురించి, పొదుగు గురించి, నడక గురించి ఎవరికి తోచింది వాళ్లు అరుస్తున్నారు. ఆ గోల మధ్య సిలార్ తన చేతి మీద తువ్వాలు కప్పి, కొనేవాడి చెయ్యి దాని కిందకి తీసుకున్నాడు. లోపల ధర చెబుతూ వేళ్లు కదులుతున్నాయి. పైన సిలార్ మొహం మాత్రం వానకోసం ఆకాశం చూస్తున్నవాడి మొహంలా ఉంది. కొనేవాడు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ వేళ్లు. తర్వాత సిలార్ అదే తువ్వాలుతో వెంకటరావమ్మ దగ్గరికి వచ్చి, తువ్వాలు కొసలో ధర లెక్కగా రెండు మూడు ముడులు వేసి ఆమెకి చూపించి విప్పేశాడు. ఆమె "ఊఁ" అంది. బేరం అయిపోయింది.

"ఎంతకండీ?" అని అడిగింది తేజశ్రీ పక్కనున్న కోటేష్‌ని.

"ఎవరికి తెలుసు?"

"ఇంతమంది ఇక్కడే ఉన్నారుగా!"

"ఉంటే? తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే ఉంటది. అడక్కూడదు కూడా."

తేజశ్రీ అరుగు మీద కూర్చోబోయింది కాస్తా లేచి నిలబడింది. పదిమంది చుట్టూ నిలబడి ఉండగానే ఇద్దరు మనుషులు నిజం చెప్పుకున్నారు! డబ్బా పెట్టీ, చాటుకి పిలిచీ తాను సాధించలేనిది ఇది. గేదెని తోలుకెళ్లేదాకా ఆగి, సిలార్‌ని పట్టుకుంది.

అంతా విని అతను తువ్వాలు దులుపుకున్నాడు. "గేదెల్ని బేరం చేశా, ఎడ్లని చేశా, ఓసారి గుర్రాన్ని కూడా చేశా. అభిప్రాయాన్ని ఎప్పుడూ చెయ్యలేదమ్మా."

"కష్టమేం కాదు సిలార్ గారూ. ప్రశ్న ఒక్కటే. కారం మిల్లు బడికి ఎన్ని ఫర్లాంగుల అవతల ఉండాలి? ఒక్కో వేలికి ఒక్కో ఫర్లాంగు. ఉన్నచోటే ఉండనీ అనుకుంటే పిడికిలి మూస్తారు. మీరు నాకు అంకె చెప్పాలి, మనిషి పేరు చెప్పకూడదు."

"పేరు నా గొంతులోంచి రాదు. పేరు చెప్తే రేపట్నించీ నా తువ్వాలు ముక్కు తుడుచుకోవడానికి తప్ప పనికిరాదు." కాస్త ఆలోచించి అన్నాడు, "అయితే ఆడోళ్ల సంగతి? వాళ్ల చేతులు నేను పట్టుకున్నాననుకో, మా సర్దార్‌బీ నా చేతులు విరిచి పొయ్యిలో పెట్టుద్ది."

"ఆడోళ్లని నాకు వదిలెయ్యండి," అంది వెంకటరావమ్మ ఒక గేదె తగ్గిన పాకలోంచి. "నా కొంగు లేదూ?"

మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర మొదలుపెట్టారు. పాలు పొయ్యడానికి ఊరంతా ఎలాగూ అక్కడికి వస్తుంది. ఒక చివర సిలార్ తువ్వాలు, ఇంకో చివర వెంకటరావమ్మ కొంగు, మధ్యలో బల్ల మీద తేజశ్రీ. ఊరికి ఇది తెగ నచ్చింది. ప్రశ్న కాగితం చూస్తే మొహం తిప్పేవాళ్లు తువ్వాలు చూడగానే తామే వచ్చి చెయ్యి దూర్చారు. ముసలాళ్లు రెండోసారి కూడా వరసలో నిలబడబోతే తేజశ్రీ వెనక్కి పంపింది. పెళ్లికాని కుర్రాళ్లు కాసేపు వెంకటరావమ్మ వైపు వరస ఎక్కువ అందంగా ఉందని అటు వెళ్లి తిట్లు తిని వచ్చారు. మూడు ఉదయాలు అలా గడిచాయి. ఎవరూ ఎవరినీ "నువ్వెన్ని ఇచ్చావు?" అని అడగలేదు.

కానీ మూడో రోజు తేజశ్రీకి ఓ అనుమానం వచ్చింది. ఒక వేలో నాలుగు వేళ్లో పట్టుకోవడానికి క్షణం చాలు. కోటేష్ చెయ్యి తువ్వాలు కిందికి వెళ్లి చాలాసేపయింది. కోటేష్ చెమటలు పట్టి, తల అడ్డంగా ఊపుతున్నాడు. సిలార్ "ఆలోచించుకో అబ్బాయ్, చూసుకో" అంటున్నాడు.

కోటేష్ వెళ్లాక ఆమె సిలార్ దగ్గరికి వెళ్లింది. "అంతసేపు ఏంటండీ?"

"తెగాలిగదమ్మా."

"ఏం తెగాలి?"

"బేరం."

 "బేరమా? మీరు... మీరు వాళ్ల అభిప్రాయం బేరమాడారా?"

"మరి?" సిలార్ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అతను ఐదు పట్టుకుంటాడు. ఐదంటే ఐదుకి ఒప్పుకుంటామా ఎక్కడన్నా? నేను ఒకటి పట్టుకున్నా. అతను నాలుగుకి దిగాడు. అట్టా అట్టా మూడుకి తెగింది."

"మీరు ఎవరి తరఫున బేరమాడారు?"

"మిల్లు తరఫున. అవతల మనిషి ఎవరూ లేకపోతే అది బేరం ఎట్టా అవుద్ది? తువ్వాలు కప్పాక వేళ్లు వాటంతటవే నడుస్తయ్యమ్మా. నా చేతిలో లేదు."

"అందరితోనూ ఇంతేనా?"

"అందరితోనూ. నాకు పక్షపాతం లేదు."

ఆమె వెంకటరావమ్మ వైపు తిరిగింది. వెంకటరావమ్మ కొంగు సర్దుకుంటూ చూపులు పాల క్యాను మీద నిలిపింది.

"పిన్నిగారూ, మీరు కూడానా?"

"నేను తగ్గించలేదమ్మా, పెంచా," అంది వెంకటరావమ్మ. "ఒక్క వేలు ఇచ్చి ఊరుకుంటానంటే, ఏమే, నీ పిల్లోడు తుమ్మి తుమ్మి పలక పగలగొట్టుకున్నాడుగా, ఒక్కటేనా అని గిల్లా. చచ్చినట్టు మూడు నాలుగు ఇచ్చారు."

తేజశ్రీ పాలకేంద్రం మెట్ల మీద కూలబడింది. మగవాళ్ల అంకెలన్నీ కిందికి లాగినవి. ఆడవాళ్ల అంకెలన్నీ పైకి గిల్లినవి. ఏ పుస్తకం ప్రకారం చూసినా ఇది చెత్త. రేపు సోమవారం. గైడ్ గారికి ఏమని చెప్పాలి? మా ఊళ్లో అభిప్రాయం ఒక ధర చెప్పి ఇంకో ధరకి ఇస్తారండీ అనా? సిలార్ నేరం చేసినవాడిలా పక్కన నిలబడి, "టీ తాగుతావా అమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. సర్దార్‌బీ వచ్చి మొగుణ్ణి తిట్టింది. "చదువుకున్న పిల్ల చెప్పిన పని కూడా చెయ్యలేవు! అది గేదె అనుకున్నావా, మనిషి మాట అనుకున్నావా?"

"నువ్వు వెంకటరావమ్మక్క దగ్గర ఇచ్చావుగా! ఇంతకీ ఎన్ని ఇచ్చావు?"

"కొంగు కింద మాట కొంగు కిందే ఉంటది," అని సర్దార్‌బీ చేతులు తిప్పుకుంటూ వెళ్లిపోయింది.

టీ సగం తాగాక తేజశ్రీ గ్లాసు కింద పెట్టింది. "సిలార్ గారూ, మీరు కిందికి లాగారు గదా. ఎందాకా లాగారు?"

"లాగినంత."

"మిల్లు తరఫున మీకు కావాల్సింది పిడికిలి. అవునా? ఎవరైనా పిడికిలి మూశారా?"

సిలార్ తల గోక్కున్నాడు. "పిడికిలికి దించుదామనే చూశా. ఒకటి దాకా వచ్చినోళ్లున్నారు. పిడికిలి మాత్రం... ఉహూఁ. ఎవరూ మూయలేదు. చెయ్యి గుంజుకుని లేచిపోదామన్నంత పని చేశారు గాని మూయలేదు."

"ఖాయంగానా?"

"ఖురాన్ మీద ఒట్టు."

తేజశ్రీ మొహం విచ్చుకుంది. ఆడవాళ్ల అంకెలు పక్కన పెట్టేద్దాం, అవి పెంచినవి. మగవాళ్లవి తగ్గించినవి. ఈ ప్రాంతంలోకెల్లా గట్టి బేరగాడు మిల్లు తరఫున కూర్చుని మూడు రోజులు కిందికి లాగినా, ఈ ఊళ్లో ఒక్క మగాడు కూడా మిల్లు ఉన్నచోటే ఉండనీ అనలేదు. అసలు అభిప్రాయం అంతకంటే గట్టిదే అయి ఉండాలి గాని మెత్తనిది కాదు. బేరం చెడగొట్టింది అంకెల్ని. ఈ ఒక్క సంగతిని మాత్రం ఇంకా గట్టిపరిచింది. ఇది రాయొచ్చు. ఎలా తెలిసిందో కూడా దాచకుండా రాయొచ్చు.

ఆ సాయంత్రం యలమందయ్య వెంకటరావమ్మ ఇంటికి వచ్చాడు. నవ్వు లేదు. నేరుగా సిలార్ ఇంటికే వెళ్లాడట, అతను ఇక్కడున్నాడని తెలిసి వచ్చాడు.

"ఒరేయ్ సిలారూ, ఏందిరా ఇది? నా మిల్లు మీద తువ్వాలు వేశావంట? ఎవడెవడు ఎన్ని వేళ్లు ఇచ్చాడో చెప్పు."

"బావా, పోయినేడు నీ ఎడ్లు ఎంతకి పోయినయ్యో ఊళ్లో ఎవరికన్నా చెప్పానా?"

"అది వేరు."

"తువ్వాలు ఒకటేగా."

 ఎడ్ల సంగతి బయటికి రావడం యలమందయ్యకీ ఇష్టం లేదు. తేజశ్రీ వైపు తిరిగాడు. "అమ్మా, పేర్లొద్దులే. పిడికిలి మూసినోళ్లు ఎంతమందో అదన్నా చెప్పు. నా మనసు ఊరుకోవడం లేదు."

"సభలో చెప్తానండీ. అందరితో పాటు మీరూ వినాలి."

ఆయన మెల్లగా వెళ్లిపోయాడు. ఆయన వీపు చూస్తే తేజశ్రీకి జాలేసింది. మంచివాడికి నిజం చెప్పడం ఎంత కష్టమో ఊరివాళ్లకి మల్లే ఆమెకీ అప్పుడే అర్థమైంది. కాగితం చించేద్దామా అని కూడా ఓ క్షణం అనిపించింది. వెంకటరావమ్మ మాత్రం, "ఆయన గురించి బెంగ పెట్టుకోకు. పిడుగు పడ్డా ఓర్చుకునే మనిషి," అంది.

సోమవారం సభ బళ్లోనే పెట్టారు. ఆ పూట మిల్లు ఆపారు, కానీ గోడలకి పట్టిన కారం ఎక్కడికి పోతుంది? ఆఫీసరుగారు కుర్చీలో కూర్చోగానే రుమాలు తీశారు. తెల్లచొక్కా వేసుకొచ్చినందుకు అప్పటికే పశ్చాత్తాపపడుతున్నట్టున్నారు.

"కారం మిల్లు విస్తరణకి అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్న పెద్దవాళ్లంతా నేలని పరీక్షగా చూస్తున్నారు. మామూలుగా అయితే యలమందయ్య ఆ చేతుల్లేని గదిని చూసి మురిసిపోవాలి. ఈసారి ఒక్కొక్క మొహాన్నీ వెతుక్కుంటున్నాడు.

"సరే. యూనివర్సిటీ నుంచి అధ్యయనం చేసినామె ఎవరు?"

తేజశ్రీ లేచింది.  ముందు కాగితాలతో అడిగింది చెప్పింది: అందరూ ఇబ్బంది లేదన్నారు. డబ్బా సంగతి చెప్పింది. తర్వాత తువ్వాలు సంగతి, బేరం సంగతి, కొంగు కింద గిల్లుడు సంగతి కూడా దాచకుండా చెప్పింది. ఆఫీసరుగారు రుమాలు చాటున నవ్వాపుకున్నారు.

"కాబట్టి ఎన్ని ఫర్లాంగులు అన్న అంకె నేను చెప్పలేనండి. అది నమ్మదగ్గది కాదు. ఒక్కటి చెప్పగలను. సిలార్ గారు మిల్లు తరఫున ఎంత బేరమాడినా, ఉన్నచోటే ఉండనీ అని పిడికిలి మూసిన మగాడు గుండ్లవారిపాలెంలో ఒక్కడూ లేడు."

 గదిలో తలలు ఒక్కొక్కటే పక్కకి తిరగడం మొదలుపెట్టాయి.

"నువ్వు కూడానా?"

"నేనొక్కణ్ణే అనుకుంటన్నా రా! నిన్నగాక మొన్న నువ్వేగా బ్రహ్మాండంగా ఉందన్నావు?"

"నువ్వన్నావని నేనన్నా!"

యలమందయ్య లేచి నిలబడ్డాడు. "ఒక్కడు కూడానా?" అన్నాడు.  "ఒరేయ్ కోటేషూ, జలుబన్నావు గదరా!"

"మాత్రలు కూడా పంపించావు బాబాయ్," అన్నాడు కోటేష్ గిలగిల్లాడుతూ. "నువ్వంత ప్రేమగా పంపిస్తే ఎట్టా చెప్పను?"

"నాతో ఒక్క మాట చెప్పడానికి మీకు తువ్వాలు కావాల్సొచ్చిందంట్రా?" ఆయన గొంతు బొంగురుపోయింది. కోపమో దుఃఖమో కారమో తెలీలేదు. "నేనేమన్నా పులినా? రేయ్, నా భార్య ఏడాది నుంచీ మిల్లు ఇంటికి ఇంత దగ్గరెందుకయ్యా అని పోరుతుంటే, ఊరికే లేని నొప్పి నీకేందే అని దాని నోరు మూయించా గదరా! ఇప్పుడు ఇంటికెళ్లి ఏమని చెప్పుకోను?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బెంచీల మీదుగా పాకి, చివరికి యలమందయ్య మీసాల కిందికి కూడా చేరింది. ఆయన అటూ ఇటూ చూసి, "సరే, జరుపుతా," అన్నాడు. "మరలు కొత్తవీ పాతవీ అన్నీ ఊరి బయటికి జరుపుతా. సరేనా?"

అంతవరకూ మెత్తగా ఉన్న గది ఒక్కసారిగా మారిపోయింది. మొదట లేచింది సర్దార్‌బీ.

"నేను తువ్వాలు లేకుండానే చెప్తా. నేను మూడు వేళ్లు ఇచ్చా."

"మూడా!" అన్నాడు సిలార్ వెనక నుంచి.

"నువ్వు కూర్చో. యలమందయ్యన్నా, మిల్లు దూరం జరిపితే తొడిమలు తీసే ఆడోళ్లం ఎండలో నడిచి రావాలా? ట్రాక్టరు పంపాల. సాయంత్రం మళ్లీ ఇళ్ల కాడ దింపాల. ముక్కులకి గుడ్డలు నువ్వే ఇయ్యాల."

"ట్రాక్టరా?"

"ట్రాక్టరే!" అన్నారు ఆడవాళ్లంతా ఒక్కసారి.

"తూర్పు పక్కన నా చేనుంది, అక్కడ పెడతా," అన్నాడు యలమందయ్య.

కోటేష్ ఎగిరి లేచాడు. "తూర్పు పక్కన మా పొలం ఆనుకునే గదా నీ చేను! మా పైరు మీద పోస్తావా కారమంతా?"

"పైరు మిరపేగదరా, దానికి కారం కొత్తా?"

"పడమర పెట్టు!"

"వేసవిలో పడమటి గాలి కొడతంటే పడమర పెట్టమంటావేంది? ఊరు మొత్తం మళ్లీ చచ్చేట్టు!" అంది వెంకటరావమ్మ.

"ఇప్పుడు పడమటి గాలి ఎక్కడ కొడతంది? దక్షిణం నుంచి వస్తంది," అన్నాడు కోటేష్.

"నీ మొహం దక్షిణం!"

ఆఫీసరుగారు బల్ల మీద కొట్టారు. ఎవరూ వినలేదు. రెండోసారి కొట్టి, ఇది పనిగాదని తేజశ్రీ వైపు వంగి, "మీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండమ్మా. స్థలం తేలేదాకా కొత్త మరలకి అనుమతి ఆపుతాను. బడి వేళల్లో మర తిప్పకూడదని ఇవాళే తీర్మానం రాయిస్తాను," అన్నారు.

తేజశ్రీ కాగితం మరోసారి చదువుకుంది. అందులో ఉన్న ప్రతి మాటా తను నిలబడి చెప్పగలిగినదే. సంతకం పెట్టి ఇచ్చేసి, వెంటనే కొత్త కాగితాల కట్ట విప్పింది. తను ఇన్నాళ్లూ వెతుక్కుంటూ వచ్చిన చర్చ ఇదిగో, ఇప్పుడు మొదలైంది. చేతులు చాలడం లేదు. ఒక వాక్యం రాసేలోపు మూడు వాక్యాలు తల మీదుగా ఎగిరిపోతున్నాయి.

"ఇట్టా కాదు, గాలినే అడుగుదాం రండి," అని వెంకటరావమ్మ బయటికి నడిచింది. సభ మొత్తం ఆమె వెనకే బళ్లోంచి ఆవరణలోకి కదిలింది. తూర్పార పట్టేవాళ్లు కల్లంలో చేసినట్టే ఆమె వంగి గుప్పెడు దుమ్ము తీసి, చెయ్యి పైకెత్తి వదిలింది. ఆ దుమ్ము తూర్పుకి వెళ్లలేదు, నేరుగా వరండా మెట్లు దిగుతున్న ఆఫీసరుగారి తెల్లచొక్కా మీదికి వెళ్లింది.

"చూశారా, ఉత్తరానికి పోయింది!" అన్నాడు కోటేష్.

"అది సుడిగాలి. ఇంకోసారి ఎయ్యి," అన్నాడు యలమందయ్య పంచె ఎగ్గట్టి, తనూ ఓ గుప్పెడు తీస్తూ.